వ్యోమగామి జీవితకథతో చదువు, వ్యాకరణం

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉర్దూ పంతుళ్ళము గదా, ఉర్దూలోనే మాట్లాడుతామని మీలో కొందరు అనుకొని ఉంటారు. కార్యదర్శిగారు మాత్రం తెలుగులోనే మాట్లాడాలని, సంచికలో కూడా తెలుగులోనే అచ్చు వేస్తామని అన్నారు. ఆయన చెప్పిన కారణం న్యాయమైనదే. మన ఇళ్ళలో ఉర్దూ మాట్లాడనివారు లేరు. కాని ఉర్దూ లిపి చూసి చదవగలిగిన తల్లిదండ్రులు ఎందరున్నారు? తెలుగు మీడియంలో చదువుకున్న తరం ఈనాడు పిల్లల్ని బడికి పంపుతున్నది. వారికి మా మాట చేరాలంటే తెలుగే దారి. మేము ఈ వేళ చెప్పదలచినది కూడా ఈ రెండు లిపుల నడుమ నిలబడిన పిల్లల సంగతే.

ముందుగా ఒక చేదు విషయం చెప్పాలి. నాలుగో తరగతి పిల్లవాణ్ణి నిలబెట్టి పాఠం చదవమంటే గడగడా చదువుతాడు. తండ్రి వింటే సంతోషపడతాడు. దగ్గరికి వెళ్ళి చూడండి, నోరు మూడో పంక్తిలో ఉంటుంది, వేలు ఐదో పంక్తి మీద ఉంటుంది. అదే పేజీని అడుగు నుంచి పైకి చదవమంటే గొంతు ఆగిపోతుంది. అది చదవడం కాదు, విన్నది అప్పజెప్పడం. జ్ఞాపకశక్తి మన పిల్లలకు తక్కువ లేదు, అదే వాళ్ళకు అడ్డమవుతున్నది. ఇది మన ఒక్కరి బాధ కూడా కాదు. దేశమంతా ఇదే పరిస్థితి గనుకనే 2021 లో కేంద్ర ప్రభుత్వం నిపుణ్ భారత్ అనీ, 2022 లో మన రాష్ట్రం తొలిమెట్టు అనీ, చిన్న తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్క నేర్పేందుకు కార్యక్రమాలు పెట్టాయి.

మన పిల్లవాడి బరువు ఇంకొంచెం ఎక్కువ. పదేళ్ళు నిండకముందే వాడు ఉర్దూ హురూఫ్ ముప్పైపైన నేర్వాలి, తెలుగు అక్షరాలు 56 నేర్వాలి, ఇంగ్లీషువి 26 నేర్వాలి. సాయంత్రం మక్తబులో అరబీ ఖాయిదా ఉండనే ఉన్నది. ఒక లిపి కుడి నుంచి ఎడమకు పోతుంది, ఇంకొకటి ఎడమ నుంచి కుడికి వస్తుంది. ఉర్దూ పంక్తి మధ్యలో అంకెలు వస్తే అవి మళ్ళీ ఎడమ నుంచి కుడికి! 1984 ను 4891 అని చదివిన పిల్లలు మా తరగతిలో ఉన్నారు. పిల్లవాడు పంక్తి వెంట సరిగ్గానే పోతున్నాడు, అంకె దగ్గర వెనక్కు తిరగాలని వాడికెవరూ చెప్పలేదు, అంతే. ఇట్లా నాలుగు దారుల కూడలిలో వాడు తికమకపడుతుంటే, మనం ఇంట్లో కూర్చొని "ఉర్దూ బడి వల్ల లాభం లేదు, తీసేసి ఇంకో బడిలో వేద్దాం" అంటున్నాము. ఏ బడిలో వేసినా చదవడం రాని పిల్లవాడికి చదవడం రాదు. కష్టం బడి మారుతుంది గాని పిల్లవాణ్ణి విడవదు.

పాఠ్యపుస్తకాన్ని మేము తప్పుపట్టడం లేదు. అది అవసరమే. కాని దానికి తోడుగా పిల్లలు కంఠస్థం చేయని కొత్త పఠనం ఒకటి కావలసి వచ్చింది. నిజమైన మనిషి కథ అయి ఉండాలి, చిన్న వాక్యాలలో ఉండాలి, ఉర్దూలోనూ తెలుగులోనూ ఒకే విషయం రెండు పుస్తకాలుగా ఉండాలి. మేము, తోటి ఉపాధ్యాయులము కలిసి రాకేశ్ శర్మగారి జీవితాన్ని ఎంచుకున్నాము. పన్నెండు పేజీలు చేత్తో రాసి, జిరాక్సు తీయించి, నాలుగు ఐదు తరగతులకు పంచాము.

ఇక్కడ కొందరు పెద్దలు అడిగారు, "మాస్టర్ సాబ్, మనవాళ్ళలో మహానుభావులు లేరా, సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ లేరా, మౌలానా ఆజాద్ లేరా?" అని. ఎందుకు లేరు? వారి మీద మాకున్న గౌరవం మీకు తెలుసు. కాని మహానుభావుల పాఠాలు ఎట్లా రాస్తున్నారో ఒక్కసారి చూడండి. ఆయన గొప్పవాడు, దయగలవాడు, త్యాగశీలి, దూరదృష్టి కలవాడు. ఒక పేజీలో పది విశేషణాలు, ఒక్క పని లేదు! విశేషణాన్ని పిల్లవాడు కళ్ళతో చూడలేడు. ఎక్కాడు, దిగాడు, తిన్నాడు, ఎగిరాడు అంటే చూడగలడు. వ్యోమగామి కథ అంతా క్రియలే. ఆ కథలో ఉపదేశం చేయడానికి తీరిక ఉండదు. చదవడం నేర్పడానికి మాకు కావలసింది అదే.

ఇంకొక కారణం, ఈ కథ హైదరాబాదు మీదుగా పోతుంది. రాకేశ్ శర్మ 1949 జనవరి 13 న పంజాబులోని పటియాలాలో పుట్టారు. చదివింది మాత్రం హైదరాబాదులో, సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూలులో, ఆ తర్వాత నిజాం కాలేజీలో. 1966 లో నేషనల్ డిఫెన్స్ అకాడమీలో చేరారు. 1970 లో వైమానిక దళంలో పైలట్ అయ్యారు. 1971 యుద్ధంలో మిగ్-21 విమానం నడిపారు. 1982 లో సోవియట్ యూనియన్‌తో కలిసి చేసే అంతరిక్ష యాత్రకు ఎంపికయ్యారు. ఆయనతో పాటు రవీశ్ మల్హోత్రా కూడా శిక్షణ పొందారు, ఒకవేళ శర్మగారు వెళ్ళలేకపోతే వెళ్ళడానికి. 1984 ఏప్రిల్ 3 న బైకనూరు నుంచి సోయుజ్ టి-11 నౌకలో యూరీ మాలిషెవ్, గెన్నాదీ స్ట్రెకలోవ్ అనే ఇద్దరితో కలిసి పైకి వెళ్ళారు. సల్యూత్-7 అనే అంతరిక్ష కేంద్రంలో ఉండి, భారతదేశపు ఫోటోలు తీసి, బరువు లేని చోట యోగాభ్యాసం వల్ల ఒంటికి ఏమవుతుందో పరీక్షించి, ఏప్రిల్ 11 న తిరిగి నేలకు దిగారు. మొత్తం 7 రోజుల 21 గంటల 40 నిమిషాలు. అప్పటికి మా ఉపాధ్యాయులలో సగం మంది పుట్టనేలేదు, పుట్టినవాళ్ళము ఉయ్యాలలో ఉన్నాము.

మన పిల్లలు జంక్షన్ పిల్లలు. కాజీపేట నుంచి వచ్చే బండి ఏది, విజయవాడ పోయేది ఏది, భద్రాచలం రోడ్డుకు చీలిపోయేది ఏది, కూత విని చెప్పగలరు. అందుకని ఈ జీవితాన్ని తరగతి గచ్చు మీద సుద్దముక్కతో రైలు పట్టాలాగా గీశాము. పటియాలా ఒక స్టేషను, హైదరాబాదు ఒక స్టేషను, మాస్కో దగ్గరి స్టార్ సిటీ ఒకటి, బైకనూరు ఒకటి, సల్యూత్ ఆఖరిది, అక్కడి నుంచి తిరుగు ప్రయాణం. ఒక్కో వాక్యాన్ని ఒక్కో కాగితం ముక్క మీద రాసి కలిపేసి ఇచ్చాము. ఏ ముక్క ఏ స్టేషనులో పెట్టాలో తెలియాలంటే దాన్ని చదివి తీరాలి. ఇక్కడ కంఠస్థం పనిచేయదు. "విమానం నడిపాడు" అన్న ముక్కను ఒకడు పటియాలాలో పెడితే మిగతావాళ్ళు నవ్వారు. "పుట్టంగనే విమానం ఎక్కిండా?" అని. ఆ నవ్వు మాకు పరీక్ష కంటే ఎక్కువ. అర్థం తెలిస్తేగాని నవ్వు రాదు గదా.

ఆ ముక్కలన్నీ వరుసగా పెట్టిన తర్వాత, వాటిని ఒకే వాక్యంగా కుట్టమన్నాము. హైదరాబాదులో చదివి, దళంలో చేరి, రష్యన్ నేర్చుకొని, నౌక ఎక్కి, ఎనిమిది రోజులు గడిపి, దిగి వచ్చారు. తెలుగు వ్యాకరణంలో దీనికి క్త్వార్థకం అని గంభీరమైన పేరున్నది, పిల్లలకు ఆ పేరు చెప్పలేదు. ఉర్దూలో ఇదే పని "పఢ్ కర్, సీఖ్ కర్, చఢ్ కర్" అని "కర్" చేస్తుంది. ఒక భాషలో పట్టుబడితే రెండో భాషలో సులభంగా దొరికిపోతుంది. రెండు భాషలు చెరొక పక్కకు లాగుతాయని భయపడేవారు ఈ పాఠం ఒకసారి వచ్చి చూడాలి.

కాలాలు చెప్పేటప్పుడు ఒక తమాషా జరిగింది. ఉర్దూ వ్యాకరణంలో భూతకాలాన్ని మాజీ అంటారు, వర్తమానాన్ని హాల్, భవిష్యత్తును ముస్తక్‌బిల్ అంటారు. పిల్లలకు మాజీ అనే మాట కొత్తగా ఉంటుందనుకుంటే, వెనుక బెంచీ నుంచి ఒకడు లేచి, "సార్, మాజీ సర్పంచ్!" అన్నాడు. నిజమే. మాజీ మంత్రి, మాజీ సర్పంచ్ అని తెలుగు పత్రికలు రోజూ రాసే మాట మన ఉర్దూ వ్యాకరణంలోని భూతకాలమే. గోడల మీద, పేపర్లలో పెద్ద అక్షరాలతో ఉండే మాటను ఆ రోజు నుంచి వాళ్ళు రెండు లిపులలోనూ రాస్తున్నారు.

ఇప్పుడు అసలు మాటకు వస్తాము. వ్యోమగామిని ఉర్దూలో ఖలాబాజ్ అంటారు. ఖలా అంటే శూన్యం, అంతరిక్షం. మొదటి రోజు ఈ మాట నల్లబల్ల మీద రాయగానే తరగతి తరగతంతా ముసిముసిగా నవ్వింది. వాళ్ళు చదివింది ఖాలా అని. ఖాలా అంటే మీకు తెలుసు, అమ్మ చెల్లెలో అక్కో. రాకేశ్ శర్మ పిన్ని ఇంటికి పోయాడా, ఆకాశానికి పోయాడా? తేడా అంతా ఒక్క అలిఫ్‌లో ఉంది. ఖే, లామ్, అలిఫ్ వరుసగా వస్తే ఖలా. ఖే తర్వాతనే అలిఫ్ వచ్చి, లామ్ తర్వాత హే వస్తే ఖాలా. తెలుగులో ఇది ఖ కు దీర్ఘం ఉందా లేదా అన్న తేడా. హ్రస్వ దీర్ఘాల మీద ఏడాది పాటు చెప్పినా రాని శ్రద్ధ ఆ ఒక్క నవ్వుతో వచ్చింది. ఆ తర్వాత ఎవరు దీర్ఘం మరచినా పక్కవాడే "ఖాలా ఇంటికి పోతున్నావు" అని హెచ్చరిస్తున్నాడు.

బాజ్ అన్న చివరి ముక్క కూడా ఊరికే పోలేదు. గాలిపటం ఎగరేసేవాడు పతంగ్‌బాజ్, విమానం నడిపేవాడు హవాబాజ్, అంతరిక్షంలోకి వెళ్ళేవాడు ఖలాబాజ్. రాకేశ్ శర్మగారు హవాబాజ్‌గా మొదలై ఖలాబాజ్ అయ్యారు. తెలుగులో వ్యోమ పక్కన గామి చేరినట్టే ఇది. ఒక మాటలో రెండు మాటలుంటాయని, విడదీస్తే పెద్ద మాట కూడా చిన్నదవుతుందని పిల్లలు గ్రహించారు. వ్యోమగామి, అంతరిక్షం, స్ట్రెకలోవ్. తెలుగు వత్తులన్నీ ఈ మూడు మాటలలోనే సగం వచ్చేస్తాయి. స్ట్రె అనే అక్షరం రాయడానికి పిల్లలు పడిన అవస్థ చూడాలి. స కింద ట, దాని కింద ర, పైన ఎత్వం. రాయడం వచ్చినవాడు ఆ రోజంతా అదొక్కటే రాసుకుంటూ కూర్చున్నాడు.

ఉర్దూలో "జ" శబ్దానికి వేర్వేరు అక్షరాలున్నాయి, తెలుగు చదివినవారికి అది వింతగా తోస్తుంది. మన పిల్లలు నాలుగింటినీ ఒకటే అనుకొని, చేతికి వచ్చినది రాస్తారు. ఈ కథలో ఆ నాలుగూ ఉన్నాయి. జమీన్‌లో జే, ఫిజాలో జ్వాద్, నజర్‌లో జోయ్, రాకెట్ కే జరియే అన్నప్పుడు జాల్. జమీన్ నుంచి, రాకెట్ కే జరియే, ఫిజా దాటి పోయాడు, అక్కడి నుంచి భూమి నజర్ వచ్చింది. ఒక్క ప్రయాణంలో నాలుగు అక్షరాలు. పట్టిక రాసి గోడకు అంటిస్తే ఎవరూ చూడలేదు. కథలో వచ్చినవి గుర్తున్నాయి. వైమానిక దళాన్ని ఫిజాయియా అంటారని చెప్పగానే, "ఫిజా నుంచి వచ్చింది గదా సార్, జ్వాదే ఉంటది" అని ఒక అమ్మాయి అడగకుండానే చెప్పింది.

ఇక "నే" సంగతి. పెద్దలు కొంచెం ఓపికపట్టి వినాలి, ఎందుకంటే ఇందులో మన ఇంటి భాషకు సంబంధించిన న్యాయం ఒకటున్నది. పుస్తకపు ఉర్దూలో "రాకేశ్ రూస్ గయా" అనాలి, అక్కడ నే రాదు. కాని "రాకేశ్ నే రూసీ జబాన్ సీఖీ" అనాలి. నేర్చుకున్నది మగవాడే అయినా, జబాన్ అనే మాట స్త్రీలింగం గనుక క్రియ సీఖీ అవుతుంది. హల్వా పుంలింగం, కాబట్టి "రాకేశ్ నే హల్వా ఖాయా". మన ఇళ్ళలో మాట్లాడే దక్నీలో ఈ నే వినపడదు. "రాకేశ్ రూసీ సీఖా", "అమ్మీ ఖానా ఖాయీ" అంటాము. చేసినవారిని బట్టి క్రియ నడుస్తుంది. తెలుగులో కూడా అంతే, అమ్మ అన్నం తిన్నది, రాకేశ్ రష్యన్ నేర్చుకున్నాడు. శతాబ్దాలుగా పక్కపక్క ఇళ్ళలో బతికిన భాషలు ఒకదాని నడక ఒకటి నేర్చుకున్నాయేమో. అందుచేత మన పిల్లవాడు నే మరచిపోతే వాణ్ణి మొద్దు అనకూడదు. వాడు అమ్మ దగ్గర నేర్చిన వ్యాకరణాన్ని నమ్మకంగా పాటిస్తున్నాడు. మేము చేసేదేమంటే, నల్లబల్లకు మధ్యలో గీత గీసి ఒక పక్క "ఇంటి మాట", ఇంకో పక్క "కితాబ్ మాట" అని రాస్తాము. ఇంటిది కొట్టివేయము. కితాబాఁ ఇంట్లో, కితాబేఁ బడిలో. చొక్కా ఇంటికి ఒకటి, బడికి ఒకటి ఉన్నట్టు. దక్నీని వెక్కిరించి ఉర్దూ నేర్పాలని చూసే ఉపాధ్యాయులున్నారు. ఆ పద్ధతితో పిల్లవాడు నోరు మూసుకోవడం తప్ప ఏమీ నేర్చుకోడు.

తెలుగు దగ్గరికి వస్తే చిక్కులు వేరు. ఉర్దూలో జహాజ్ పుంలింగం, అందుకని మన పిల్లలు తెలుగులో "విమానం వచ్చాడు" అంటారు. పక్క బడి పిల్లలు నవ్వుతారు. ఉర్దూలో తీన్ ఆద్మీ, తీన్ కమ్రే, రెండింటికీ తీన్ ఒకటే. తెలుగులో మనుషులైతే ముగ్గురు, గదులైతే మూడు. సోయుజ్ నౌక దీనికి సరిగ్గా అమరింది. ఆ నౌకలో మూడు భాగాలు, ముగ్గురు మనుషులు. అదొక్క బొమ్మ గీసి రెండు వైపులా లెక్కపెట్టించాము. 2024 ఫిబ్రవరిలో గగన్‌యాన్ కోసం ప్రకటించిన పేర్లు నాలుగు, మనుషులు నలుగురు.

అన్నిటికంటే కష్టమైనది "మేము", "మనం". ఉర్దూలో రెండింటికీ హమ్ ఒక్కటే. తెలుగులో ఎదుటివాణ్ణి కలుపుకుంటే మనం, వదిలిపెడితే మేము. మన పిల్లలు అన్నిటికీ మనం అంటారు. "సార్, మనం నిన్న ఖమ్మం పోయినం" అంటాడు, మేము ఇంట్లోనే ఉన్నాము! దీన్ని నాటకంగా ఆడించాము. ముగ్గురు పిల్లలు బల్ల మీద కూర్చుంటారు, అది సల్యూత్. మిగతావాళ్ళు కింద, అది భూమి. పైనుంచి కిందికి మాట్లాడితే "మేము బాగున్నాము". పైనున్నవాళ్ళు తమలో తాము మాట్లాడుకుంటే "మనం హల్వా తిందాం". హల్వా మేము కల్పించినది కాదు. మైసూరులోని రక్షణ ఆహార పరిశోధనశాలవారు ఆయనకు సూజీ హల్వా, ఆలూ ఛోలే, వెజిటబుల్ పులావు తయారుచేసి ఇచ్చారు. కింద కూర్చున్నవాళ్ళు, "మాకు?" అని అరిచారు. మాకు అన్నారు, మనకు అనలేదు. ఆ రోజు పాఠం అక్కడితో చాలించాము.

కథలో లేనిది చేర్చకూడదన్న నియమం మొదటి నుంచీ పెట్టుకున్నాము. పిల్లలు మాత్రం చేరుస్తారు. "ఆయన చంద్రుని మీదికి పోయిండు" అని సగం మంది నమ్మకం. పోలేదు. ఆయన పోయింది భూమికి మూడు నాలుగు వందల కిలోమీటర్ల ఎత్తుకు. మన స్టేషనులో రైలెక్కి మద్రాసు పోయినంత దూరం కూడా కాదు. చంద్రుడున్నది సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరాన. దీనితో "కంటే" వచ్చింది, ఉర్దూ "సే" వచ్చింది, వ్యతిరేక వాక్యం కూడా వచ్చింది. జరగనిదాని మీద ఒక వాక్యం రాయమంటే ఒకడు, "రాకేశ్ శర్మ గారు చంద్రుని మీదికి పోలేదు. నేను కూడా పోలేదు" అని రాశాడు. మార్కులు పూర్తిగా వేశాము.

ఆడపిల్లల ప్రశ్న ఇంకా లోతైనది. ఖలాబాజ్‌కు మువన్నస్ ఏమిటి అని అడిగారు. దానికి వేరే స్త్రీలింగ రూపం వాడుకలో లేదు. తెలుగులో వ్యోమగామి కూడా ఇద్దరికీ ఒక్కటే. వెళ్ళాడా, వెళ్ళిందా అన్నది క్రియ దగ్గర తెలుస్తుంది. అప్పుడు మేము వలెంతీనా తెరిష్కోవా పేరు చెప్పాము, 1963 లో వెళ్ళింది. కల్పనా చావ్లా 1997 లో మొదటిసారి వెళ్ళింది, 2003 లో రెండోసారి వెళ్ళి తిరిగి వస్తుండగా మరణించింది. ఇరాన్‌లో పుట్టిన అనూషె అన్సారీ 2006 లో వెళ్ళింది. ఆ మూడు వాక్యాలు అమ్మాయిలే రాసుకొని పుస్తకం చివర అతికించారు. వాళ్ళు రాసిన ప్రతిలో అన్నిచోట్లా "వెళ్ళింది" బదులు "వెళ్ళారు" అని ఉన్నది. గౌరవవాచకం మేము ఇంకా నేర్పలేదు.

ఒక ప్రశ్నకు మేము మరునాడు గాని జవాబు చెప్పలేదు. భూమి చుట్టూ ఒకసారి తిరగడానికి ఆ కేంద్రానికి సుమారు గంటన్నర చాలు, కనుక అక్కడ రోజుకు పదహారు సూర్యోదయాలు కనిపిస్తాయని చెప్పాము. వెంటనే ఒక పిల్లవాడు, "అట్లయితే ఫజర్ నమాజు పదహారు సార్లా?" అన్నాడు. చూడండి, ఎంత చక్కని "అయితే" వాక్యమో! ఉర్దూలో "అగర్, తో". 2007 లో మలేషియా దేశస్థుడు షేక్ ముజఫర్ షుకూర్ అంతరిక్షానికి వెళ్ళినప్పుడు అక్కడి పెద్దలు ఈ విషయం మీదనే మార్గదర్శక పత్రం తయారుచేశారు. 24 గంటలకు ఐదు పూటలే, వేళలు నౌక బయలుదేరిన చోటి గడియారం ప్రకారం. ఆ పత్రం సారాన్ని నాలుగు "అయితే" వాక్యాలుగా రాసి మరునాడు చదివించాము. అంత శ్రద్ధగా చదివిన పాఠం ఈ ఏడాదిలో మరొకటి లేదు.

ఇంగ్లీషు బడి విషయం. మేము ఇంగ్లీషుకు విరోధులము కాము. రాకేశ్ శర్మగారు చదివింది ఇంగ్లీషు బడిలోనే. 1982 లో స్టార్ సిటీకి వెళ్ళాక శిక్షణ అంతా రష్యన్‌లో గనుక ముందుగా ఆ భాష నేర్చుకోవలసి వచ్చింది. రష్యన్ అక్షరాలు 33, ఆనాటికి ఆయన వయస్సు 33. యుద్ధ విమానం నడిపిన మనిషి అక్షరాల దగ్గర కూర్చున్నాడని చెబితే మా తరగతిలో వెనుకబడిన పిల్లల ముఖాలు విప్పారాయి. ఆ తర్వాత, అంతరిక్షం నుంచి టెలివిజన్‌లో మాట్లాడుతున్నప్పుడు, పైనుంచి భారతదేశం ఎట్లా ఉందని ఆనాటి ప్రధాని ఇందిరాగాంధీ అడిగితే, ఆయన ఇక్బాల్ 1904 లో రాసిన తరానా మొదటి మాటలతో జవాబిచ్చారు. ఆ పంక్తి ఇక్కడున్న ప్రతి పిల్లవాడికీ వచ్చు గనుక మేము మళ్ళీ చెప్పము. అందులో "సే" ఏ పని చేస్తున్నదో మాత్రం మా నాలుగో తరగతివాళ్ళను అడగండి, చెబుతారు. ఇంగ్లీషు చదివి, రష్యన్ నేర్చి, ఉర్దూలో జవాబు చెప్పిన మనిషిని పిల్లలకు చూపిస్తే, ఒక భాష వస్తే ఇంకొకటి పోతుందన్న మాట వాళ్ళు నమ్మరు. మనమే నమ్ముతున్నాము.

2025 జూన్ 25 న శుభాంశు శుక్లా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి బయలుదేరి జులై 15 న తిరిగి వచ్చారు, శర్మగారి తర్వాత 41 ఏళ్ళకు. మా పిల్లలకు అదొక పెద్ద పండుగ. ఈయన కథను వాళ్ళే రాస్తామన్నారు. ఇప్పటికి ఉర్దూలో ఐదు పేజీలు, తెలుగులో మూడు పేజీలు అయినవి. రెండింటిలోనూ తప్పులున్నాయి, దిద్దే పని నడుస్తున్నది.

అందరికీ చదవడం వచ్చేసిందని మేము చెప్పడం లేదు. ఐదారుగురు ఇంకా అక్షరం అక్షరం కూడబలుక్కుంటున్నారు. బడికి సరిగా రానివాళ్ళూ ఉన్నారు, మిర్చి ఏరే కాలంలో తల్లుల వెంట పోతారు. వాళ్ళకు ఏ పద్ధతీ పనిచేయదు, ముందు వాళ్ళను బడిలో కూర్చోబెట్టాలి. ఆ పని సంఘం పెద్దలు ఇల్లిల్లూ తిరిగి చేయగలరు, మేము ఒక్కరమే చేయలేము. పై తరగతులకు ఉర్దూ మీడియం దగ్గరలో దొరకక తెలుగు మీడియంలో చేరే అమ్మాయిలు చాలామంది. వాళ్ళు ఐదో తరగతిలోనే తెలుగు పేజీ ధారాళంగా చదవగలిగితే ఎనిమిదిలో చదువు మానరు. రెండు పుస్తకాలు చేసింది ముఖ్యంగా వాళ్ళ కోసమే.

తల్లిదండ్రుల నుంచి మేము కోరేది రాత్రిపూట పది నిమిషాలు. మీకు ఉర్దూ లిపి రాకపోయినా ఫరవాలేదు. మా తరగతి అమ్మాయి ఒకామె రోజూ దాదీకి ఈ కథ చదివి వినిపిస్తుంది. ఆ దాదీ ఏ బడికీ పోయిన మనిషి కాదు. "తర్వాత ఏమైంది, హల్వా ఎవరు చేశారు, ఆయన అమ్మ ఏమన్నది?" అని అడుగుతూ ఉంటుందట. జవాబు కోసం ఈ పిల్ల మళ్ళీ పేజీ తిప్పి వెతుకుతుంది. అమ్మ ఏమన్నదో పుస్తకంలో లేదు. "సార్, రెండో ముద్రణలో రాయండి" అని మాకు తాకీదు వచ్చింది. తెలియనిది రాయలేము గదా, ఆ జాగా ఖాళీగానే ఉన్నది.

పుస్తకం ప్రతులు నలభై తెచ్చాము, ఆ తలుపు పక్క బల్ల మీద ఉన్నాయి. ఉర్దూది పచ్చ అట్ట, తెలుగుది తెల్ల అట్ట. ఇంటికి రెండూ తీసుకోండి. జిరాక్సు ఖర్చు సంఘం భరించింది, వెల ఏమీ లేదు. చదివిన తర్వాత చిరిగిపోయినా ఫరవాలేదు గాని, అటక మీద పెట్టకండి. ఖుదా హాఫిజ్.